ఎకోలో 110, ఎంఆర్‌ఐలో 139: ఎల్‌వీ వాల్యూమ్‌ను రెండు పద్ధతుల్లో కొలిచి పోల్చడం ఎలా?

"సర్, ఎకోలో ఈడీవీ 110 వచ్చింది. అదే పేషెంటుకు ఎంఆర్‌ఐలో 139 వచ్చింది. ఏది కరెక్టు?" ఈడీవీ అంటే ఎడమ జఠరిక (ఎల్‌వీ) పూర్తిగా నిండినప్పుడు అందులో ఉండే రక్తం, మి.లీ.లలో. థీసిస్‌ల సీజన్ మొదలైందంటే నాకు వచ్చే ప్రశ్నల్లో సగం ఇదే. అడిగేది కార్డియాలజీ రెసిడెంట్లు, రేడియాలజీ పీజీలు, అప్పుడప్పుడు ఎకో టెక్నీషియన్లు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక అయిపోయింది కాబట్టి అంతా ఒక్కచోట రాస్తున్నాను.

రెండూ కరెక్టే కావచ్చు. ఎడమ జఠరిక లోపలి గోడ నున్నగా ఉండదు. ట్రాబెక్యులేలు అనే సన్నని కండర పోగులు చెట్టు వేళ్లలా అల్లుకుని ఉంటాయి, వాటి సందుల్లోనూ రక్తం ఉంటుంది. ఎకోలో ఈ పోగులన్నీ కలిసిపోయి గోడలాగే కనిపిస్తాయి, అందుకని గది అంచు వెంట మీరు గీసే గీత వాటి లోపలి అంచున పడుతుంది. ఎంఆర్‌ఐ సినీలో, అంటే గుండె కదలికను వీడియోలా చూపే బొమ్మల్లో, సందుల్లోని రక్తం కూడా తెల్లగా మెరుస్తుంది, గీత అసలైన గట్టి కండరం దాకా బయటికి జరుగుతుంది. మామూలు సైజు ఎల్‌వీలో గీత చుట్టూరా 1 మి.మీ. జరిగితే చాలు, వాల్యూమ్ 10 మి.లీ. పైగా మారుతుంది. మిషన్ల గొడవ అనుకుంటాం గానీ, చాలావరకు ఇది గీతల గొడవే.

కాబట్టి మీ థీసిస్‌లో తేల్చాల్సింది ఒకదాని బదులు ఇంకోటి వాడితే ఒక్కో పేషెంటుకు ఎంత తేడా రావచ్చన్నది. కింద రాసినదంతా 2డీ ఎకో, ఎంఆర్‌ఐ జత గురించి. వేరే పద్ధతులైతే ఏం మార్చుకోవాలో చివర చెప్పాను.

ఏమేం కావాలి

- పేషెంట్లు: కనీసం 50 మంది, 100 మంది అయితే నయం. ఎందుకో 7వ మెట్టులో చెబుతాను.
- ఎకో మిషన్. తెర మీద ఈసీజీ ట్రేస్ స్పష్టంగా కనిపించాలి.
- 1.5 లేదా 3 టెస్లా ఎంఆర్‌ఐ, కార్డియాక్ కాయిల్, ఈసీజీ గేటింగ్ (బీట్‌తో జతపరిచి బొమ్మ తీయడం), ఎస్‌ఎస్‌ఎఫ్‌పీ సినీ సీక్వెన్స్ (రక్తం తెల్లగా మెరిసేలా తీసే పద్ధతి).
- చదవడానికి ఇద్దరు మనుషులు. ఒక్కరే చదివిన థీసిస్‌ను పరీక్షకుడు మొదటి ప్రశ్నకే పట్టుకుంటాడు.
- ఎథిక్స్ కమిటీ అనుమతి, పేషెంటు చదువుకోగల భాషలో సమ్మతి పత్రం.
- మామూలు స్ప్రెడ్‌షీట్. ఖరీదైన స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.
- ఒక తెల్ల కాగితం. మొదటి మెట్టు దాని మీదే.

1. రూల్ షీట్ రాసుకోండి

మొదటి పేషెంటును పిలవకముందే, గీతలు ఎలా గీయాలో ఒక పేజీలో రాసి ఇద్దరు రీడర్లూ సంతకం పెట్టండి. దీన్ని దాటేసినవాళ్లు 40 కేసుల తర్వాత వెనక్కి వచ్చి మళ్లీ అన్నీ గీయడం నేను చూశాను. షీట్‌లో ఇవి తప్పకుండా ఉండాలి.

పాపిల్లరీ కండరాలు (వాల్వ్ తాళ్లను పట్టుకునేవి), ట్రాబెక్యులేలు రక్తంలో కలపాలా, కండరంలో కలపాలా? రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నాయి. పోల్చేటప్పుడు రక్తంలో కలిపేయడమే సుఖం, ఇద్దరు రీడర్ల మధ్య తేడా తగ్గుతుంది. ఏది ఎంచుకున్నా అందరు పేషెంట్లకూ, డయాస్టోల్‌లోనూ (గుండె నిండేటప్పుడు) సిస్టోల్‌లోనూ (ముడుచుకునేటప్పుడు) అదే పాటించాలి. ఈ ఒక్క నిర్ణయం మీదే ఈడీవీ 10 మి.లీ.కి పైగా మారగలదు.

ఎంఆర్‌ఐలో అన్నిటికంటే పై స్లైస్ (గుండెను అడ్డంగా కోసినట్టు తీసే బొమ్మ), అంటే ఎడమ కర్ణికకూ జఠరికకూ మధ్య ఉండే మైట్రల్ వాల్వ్ పక్కది, ఎప్పుడు లెక్కలోకి వస్తుంది? చుట్టుకొలతలో సగం, అంతకంటే ఎక్కువ కండరం ఉంటే ఎల్‌వీ, లేకపోతే వదిలేయాలి అన్నది ఎక్కువమంది పాటించే నియమం. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ లెక్క చూడండి: ఆ స్లైస్ వైశాల్యం 20 చ.సెం.మీ., స్లైస్ మందం, గ్యాప్ కలిపి 1 సెం.మీ. అంటే 20 మి.లీ. ఒక రీడర్ కలిపి ఇంకొకరు వదిలేస్తే, ట్రాబెక్యులేల కథంతా దీని ముందు చిన్నదైపోతుంది.

ఎండ్ డయాస్టోల్, ఎండ్ సిస్టోల్ ఫ్రేములు ఎలా పట్టుకోవాలి? మైట్రల్ వాల్వ్ మూసుకున్న వెంటనే వచ్చే ఫ్రేము, లేదా గది అన్నిటికంటే పెద్దగా ఉన్న ఫ్రేము డయాస్టోల్‌కు. గది అన్నిటికంటే చిన్నగా ఉన్నది సిస్టోల్‌కు. ఎంఆర్‌ఐలో ఎంచుకున్న ఫేజ్ (బీట్‌లో ఒక క్షణపు ఫ్రేము) నంబరు అన్ని స్లైసులకూ ఒకటే ఉండాలి. స్లైస్‌కో ఫేజ్ మార్చకండి.

చివరిగా, ఎంత తేడా వస్తే "పర్వాలేదు" అంటారో ఇప్పుడే రాయండి. 15 మి.లీ.నా, 10 శాతమా అన్నది మీ గైడ్‌తో కూర్చుని తేల్చుకోండి. ఫలితం వచ్చాక రాస్తే అది హద్దు కాదు, సర్దుబాటు.

2. పేషెంట్లను ఎంచుకోండి

చిన్న గుండెలు, మామూలువి, డైలేటెడ్ కార్డియోమయోపతీలు (కండరం బలహీనపడి సాగిన గుండెలు), హార్ట్ ఎటాక్ తర్వాత ఆకారం మారినవి అన్నీ ఉండాలి. ఎకో విండో (పక్కెముకల సందుల్లోంచి గుండె కనిపించే చోటు) సరిగ్గా లేనివాళ్లను చడీచప్పుడు లేకుండా తీసేయకండి. మంచి విండో ఉన్నవాళ్లనే ఉంచితే ఎకో ఉన్నదానికంటే గొప్పగా కనిపిస్తుంది. "ఇంతమందిలో కొలవలేకపోయాం" అన్నది కూడా ఫలితమే. పేస్‌మేకర్, పాత ఇంప్లాంట్లు, ఇరుకు గది అంటే భయం, ఇవన్నీ ఎంఆర్‌ఐకి పంపేముందే అడగండి.

3. రెండు స్కాన్లూ ఒకే స్థితిలో తీయండి

ఒకే రోజు, వీలైతే గంట రెండు గంటల తేడాలో. మధ్యలో డయాలసిస్, ఐవీ ఫ్లూయిడ్స్, లేసిక్స్ (మూత్రం ఎక్కువ పోయించే మందు) ఇంజెక్షన్ ఏదీ ఉండకూడదు. గుండె నిండే రక్తమే మారిపోతే మీరు పోల్చేది పద్ధతుల్ని కాదు, పొద్దున్నీ సాయంత్రాన్నీ. ప్రతి స్కాన్ దగ్గర హార్ట్ రేట్, బీపీ రాసుకోండి. రేటు బాగా మారి ఉంటే ఆ కేసును గుర్తుపెట్టి, తర్వాత విడిగా చూడండి.

4. ఎకో తీయండి

ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఊపిరి వదిలి ఆపమనండి. ఎపికల్ ఫోర్ చాంబర్, టూ చాంబర్ వ్యూలలో (గుండె కొన వైపు నుంచి నాలుగు గదులు, రెండు గదులు కనిపించే కోణాల్లో) డెప్త్ తగ్గించి, ఎల్‌వీ మాత్రమే తెర నిండేలా తీయండి. మొత్తం గుండె పట్టేలా తీసిన క్లిప్ మీద గీస్తే గీత మందమే మి.మీ. అవుతుంది. బైప్లేన్ సింప్సన్‌తో కొలవండి. మిషన్ గదిని 20 బిళ్లలుగా కోసి కలుపుతుంది. సైనస్ రిథమ్‌లో (మామూలు లయలో) మూడు బీట్లు, ఏఎఫ్‌లో (లయ తప్పిన గుండెలో) ఐదు బీట్ల సగటు తీసుకోండి.

ఇక్కడ అసలు శత్రువు ఫోర్‌షార్టెనింగ్. ప్రోబ్ అసలు ఎపెక్స్ (గుండె కొన) మీద కాకుండా కాస్త పైన, ఒక పక్కెముకల సందు ఎక్కువలో ఉంటే ఎల్‌వీ ఏటవాలుగా తెగి పొట్టిగా, గుండ్రంగా కనిపిస్తుంది. అసలు ఎపెక్స్ పలచగా ఉంటుంది, పెద్దగా కదలదు. మీ తెర మీద ఎపెక్స్ మందంగా ఉండి, సిస్టోల్‌లో చటుక్కున కిందికి దిగుతుంటే అది ఎపెక్స్ కాదు, పక్క గోడ. ప్రోబ్‌ను ఒక సందు కిందికి, బయటికి జరపండి. ఫోర్ చాంబర్, టూ చాంబర్ పొడవులు 10 శాతానికి మించి తేడాగా ఉంటే ఆ కేసు మళ్లీ తీయండి.

పక్కపక్కన ఉన్న రెండు సెగ్మెంట్లు (గోడ భాగాలు), అంతకంటే ఎక్కువ కనిపించకపోతే ఎకో కాంట్రాస్ట్ (రక్తంలోకి ఎక్కించే సన్న బుడగల మందు) వాడటం మంచిది. అయితే కాంట్రాస్ట్ బుడగలు ట్రాబెక్యులేల సందుల్లోకీ వెళ్తాయి, వాల్యూమ్ పెరుగుతుంది. కాంట్రాస్ట్ కేసుల్ని, మామూలు కేసుల్ని ఒకే గంపలో వేయకండి.

5. ఎంఆర్‌ఐ తీయండి, గీయండి

మైట్రల్ వాల్వ్ నుంచి ఎపెక్స్ దాటేవరకు షార్ట్ యాక్సిస్ స్లైసులు. మందం సాధారణంగా 8 మి.మీ., గ్యాప్ 2 మి.మీ., లేదా గ్యాప్ లేకుండా. ఒక బీట్‌కు 25 నుంచి 30 ఫేజులు. ఫేజులు తక్కువైతే సిస్టోల్‌లో అసలు కనిష్ఠ బిందువు మధ్యలో జారిపోతుంది, ఈఎస్‌వీ (ముడుచుకున్నాక ఎల్‌వీలో మిగిలే రక్తం) ఎక్కువగా వస్తుంది. ప్రతి స్లైసునూ ఊపిరి వదిలాకే తీయాలి. ఒక స్లైసు పీల్చి, ఇంకోటి వదిలి తీస్తే గుండె ఆ రెండింటి మధ్య చోటు మారిపోయి ఒక భాగం రెండుసార్లు, ఇంకో భాగం ఒక్కసారీ పడకుండా పోవచ్చు. స్కాన్‌కు ముందు ఐదు నిమిషాలు పేషెంటుతో ఊపిరి ప్రాక్టీస్ చేయించండి. ఈ ఐదు నిమిషాలు తర్వాత గంట మిగులుస్తాయి.

సిస్టోల్‌లో మైట్రల్ వాల్వ్ చోటు ఎపెక్స్ వైపు దిగుతుంది. డయాస్టోల్‌లో ఎల్‌వీగా లెక్కేసిన పై స్లైసు సిస్టోల్‌కు వచ్చేసరికి ఎడమ కర్ణిక అయిపోవచ్చు. ప్రతిసారీ లాంగ్ యాక్సిస్ వ్యూలో (గుండెను పొడవునా కోసినట్టు కనిపించే బొమ్మలో) రిఫరెన్స్ లైన్ పెట్టి చూడండి. ఆటోమేటిక్ సాఫ్ట్‌వేర్ కూడా ఎక్కువగా తప్పేది ఈ పై స్లైసులోనూ ఎపెక్స్‌లోనూ. మధ్య స్లైసులు బాగా గీస్తుంది కాబట్టి దాన్ని నమ్మేయాలనిపిస్తుంది, జాగ్రత్త.

ఇక నా సొంత పరువు తీసుకునే కథ ఒకటి. మొదటిసారి ఈ పని చేసినప్పుడు నా ఎకో, ఎంఆర్‌ఐ అంకెలు అచ్చు గుద్దినట్టు సరిపోయాయి. ఎకో 110 అంటే ఎంఆర్‌ఐ 111. రెండు వారాలు సంబరపడ్డాను. మా సీనియర్ ఒకాయన చూసి, "ఇంత బాగా సరిపోయాయంటే ఎక్కడో తప్పుంది" అన్నారు. వెతికితే సాఫ్ట్‌వేర్ వాల్యూమ్ కట్టేటప్పుడు 2 మి.మీ. గ్యాప్‌ను కలపలేదు. 10 మి.మీ.కి బదులు 8 మి.మీ.తో గుణించింది, అంటే ప్రతి వాల్యూమూ 20 శాతం తక్కువ. ఎకో తక్కువ చూపించే అలవాటుకు నా తప్పు సరిగ్గా తోడై రెండూ కలిసిపోయాయి. మీ మొదటి కేసుకు స్లైసుల వైశాల్యాలు కూడి, మందం, గ్యాప్ కలిపిన అంకెతో చేత్తో గుణించి, సాఫ్ట్‌వేర్ అంకెతో పోల్చి చూడండి. పది నిమిషాల పని.

6. ఒకరిది ఒకరు చూడకుండా చదవండి

ఎకో చదివేవాళ్లకు ఎంఆర్‌ఐ అంకె తెలియకూడదు. తెలిస్తే గీత దానంతటదే కాస్త బయటికి జరుగుతుంది, మనసు అలాంటిది. పేర్లు తీసేసి కోడ్ నంబర్లు వేయండి. ఒక 20 కేసుల్ని అదే రీడర్ రెండు వారాల తర్వాత మళ్లీ చదవాలి, రెండో రీడర్ కూడా విడిగా చదవాలి. ఎకోను ఎకోతో పోల్చితేనే ±20 మి.లీ. ఊగుతుంటే, ఎంఆర్‌ఐతో తేడాను పద్ధతి మీదకు నెట్టడానికి లేదు.

7. లెక్క వేయండి

చాలామంది కోరిలేషన్ (ఆర్ విలువ) చూసి ఆగిపోతారు. అది ఎందుకు చాలదో ఈ ప్రాక్టీస్ అంకెలతో మీరే చేసి చూడండి. ఇవి నేను కల్పించినవి, నిజం పేషెంట్లవి కావు.

ఎకో ఈడీవీ: 92, 110, 78, 135, 160
ఎంఆర్‌ఐ ఈడీవీ: 118, 139, 98, 172, 213

కోరిలేషన్ 0.998 వస్తుంది. చూస్తే ముచ్చటేస్తుంది. కానీ ప్రతి పేషెంటుకూ ఎకో 20 నుంచి 53 మి.లీ. తక్కువ చెబుతోంది. ఒక పద్ధతి ఎప్పుడూ రెండోదానిలో సగమే చూపించినా కోరిలేషన్ 1 వస్తుంది. అది రెండూ కలిసి పెరుగుతున్నాయని చెబుతుందే తప్ప, రెండూ ఒకటేనని చెప్పదు. ఈ మాటను స్టాటిస్టిక్స్ నిపుణులు బ్లాండ్, ఆల్ట్‌మన్ 1986లోనే లాన్సెట్ మెడికల్ జర్నల్‌లో రాశారు, ఇప్పటికీ థీసిస్‌ల్లో ఆర్ విలువే పెద్ద అక్షరాల్లో ఉంటుంది.

చేయాల్సింది ఇది. ఎకో నుంచి ఎంఆర్‌ఐ తీసేయండి: -26, -29, -20, -37, -53. సగటు -33, ఇది బయాస్. స్టాండర్డ్ డీవియేషన్, అంటే తేడాలు సగటు చుట్టూ ఎంత చెదిరాయన్నది, 12.7. దాన్ని 1.96తో గుణిస్తే 25. అంటే లిమిట్స్ ఆఫ్ అగ్రిమెంట్ (నూటికి సుమారు 95 తేడాలు పడే హద్దులు) -58 నుంచి -8 మి.లీ. కొత్త పేషెంటు వస్తే ఎకో అంకె ఎంఆర్‌ఐ కంటే 8 తక్కువ ఉండొచ్చు, 58 తక్కువా ఉండొచ్చు. 1వ మెట్టులో రాసిన హద్దుతో దీన్ని పోల్చండి.

ఈ లిమిట్స్‌కు కూడా అనిశ్చితి ఉంటుంది. 3ను పేషెంట్ల సంఖ్యతో భాగించి వర్గమూలం తీసి, డీవియేషన్‌తోనూ 1.96తోనూ గుణిస్తే చాలు. ఇదే 12.7 డీవియేషన్‌తో 25 మంది అయితే ప్రతి లిమిట్ అటూఇటూ 9 మి.లీ. ఊగుతుంది, 50 మందితో 6, 100 మందితో 4. అందుకే పైన 50, 100 అన్నాను.

8. గ్రాఫ్ గీయండి

అడ్డంగా రెండు పద్ధతుల సగటు, నిలువుగా తేడా. ఎంఆర్‌ఐ గోల్డ్ స్టాండర్డ్ కదా అని అడ్డంగా దాన్నే పెట్టకండి, లేని వాలు ఒకటి పుట్టుకొస్తుంది.

పై అంకెల గ్రాఫ్‌లో గుండె పెద్దదయ్యే కొద్దీ తేడా పెరగడం కనిపిస్తుంది. అలాంటప్పుడు మి.లీ.లు వదిలేసి శాతాల్లో చూడండి. ప్రతి తేడానూ ఆ జత సగటుతో భాగిస్తే సగటు సుమారు -25 శాతం, లిమిట్స్ -29 నుంచి -20 శాతం. ఇరుకైన, నిజాయితీ గల జవాబు. చిన్న గుండెకు 33 మి.లీ. కలపడం ఎంత తప్పో దీంతో అర్థమవుతుంది.

ఫలితం నమ్మొచ్చో లేదో ఎలా తెలుసుకోవాలి?

నాకు అన్నిటికంటే ఇష్టమైన పరీక్ష ఇది: వాల్వ్ లీకు, గుండెలో రంధ్రం లేని పేషెంటులో ఎడమ జఠరిక ఒక బీట్‌లో పంపే రక్తం, కుడి జఠరిక పంపేది దాదాపు సమానంగా ఉండాలి. ఎంఆర్‌ఐలో రెండింటినీ గీసి చూడండి. 20, 30 మి.లీ. తేడా వస్తే పై స్లైసు దగ్గరే వెతకండి. అయోర్టా మీద ఫేజ్ కాంట్రాస్ట్ ఫ్లో (రక్త ప్రవాహాన్ని నేరుగా కొలిచే ఎంఆర్‌ఐ) తీసి ఉంటే ఇంకా మేలు, అది ఎల్‌వీ గీతలతో సంబంధం లేని మూడో సాక్షి.

రెండోది, ఎంఆర్‌ఐలో కండరం బరువు. డయాస్టోల్‌లోనూ సిస్టోల్‌లోనూ కండరం అదే కాబట్టి రెండు అంకెలూ దగ్గరగా రావాలి.

మూడోది ఈఎఫ్, అంటే ఈడీవీలో ఒక బీట్‌కు బయటికి పోయే శాతం. ఎకో ఈడీవీనీ ఈఎస్‌వీనీ రెండింటినీ తక్కువ చెబుతుంది కాబట్టి నిష్పత్తిలో తప్పు చాలావరకు కొట్టుకుపోతుంది. ఎకోలో ఈడీవీ 110, ఈఎస్‌వీ 44. ఎంఆర్‌ఐలో 139, 56. రెండింటా ఈఎఫ్ 60. మీ డేటాలో ఈడీవీలు దగ్గరగా ఉండి ఈఎఫ్‌లు దూరంగా ఉంటే ఫ్రేముల ఎంపిక తేడాగా ఉందన్నమాట.

ఓపిక ఉంటే సిరంజితో కొలిచి 150 మి.లీ. నీళ్లు నింపిన బెలూన్‌ను ఎంఆర్‌ఐలో పెట్టి కొలవండి. ఎకోలో చేస్తే ఒక మెలిక ఉంది: మిషన్ ధ్వని వేగాన్ని సెకనుకు 1540 మీటర్లని అనుకుంటుంది, గది ఉష్ణోగ్రత నీటిలో అది 1500కు కాస్త తక్కువ. లోతు వైపు కొలత సుమారు 3 శాతం ఎక్కువ వస్తుంది, మిషన్ పాడైందని టెన్షన్ పడకండి.

తరచూ దొర్లే తప్పులు

ఒక కాలమ్‌లో బీఎస్‌ఏతో (శరీర ఉపరితల వైశాల్యంతో) భాగించిన అంకె, ఇంకో కాలమ్‌లో భాగించనిది. లేదా రెండు చోట్లా భాగించారు గానీ ఎకో మిషన్ ఒక ఫార్ములా, ఎంఆర్‌ఐ సాఫ్ట్‌వేర్ ఇంకో ఫార్ములా వాడింది. పచ్చి మి.లీ.లతో పోల్చి, ఇండెక్స్ (బీఎస్‌ఏతో భాగించిన అంకె) తర్వాత మీరే ఒకే ఫార్ములాతో కట్టండి.

ఎంఆర్‌ఐ అంకెను ఎకో నార్మల్ పట్టికలో చూడటం. 2015 నాటి ఎకో సిఫార్సుల ప్రకారం ఈడీవీ మగవాళ్లకు 62–150, ఆడవాళ్లకు 46–106 మి.లీ. ఎంఆర్‌ఐ నార్మల్ హద్దులు దీనికంటే పైన ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి "ఎల్‌వీ డైలేటెడ్" అని రాసిన రిపోర్టులు ఇలాగే పుడతాయి.

పేషెంటును ఫాలో అప్‌లో ఒకసారి ఎకో, ఇంకోసారి ఎంఆర్‌ఐ చేసి "వాల్యూమ్ పెరిగింది" అనడం. కీమోథెరపీలో ఉన్నవాళ్లకు, వాల్వ్ ఆపరేషన్ ఎప్పుడా అని ఎదురుచూస్తున్నవాళ్లకు ఇది నిజంగా హాని చేస్తుంది. మొదట ఏ పద్ధతితో మొదలుపెడితే అదే కొనసాగించాలి.

వేరే పద్ధతులైతే

3డీ ఎకో: ఫోర్‌షార్టెనింగ్ బెడద తగ్గుతుంది, ఎంఆర్‌ఐకి దగ్గరవుతుంది, అయినా సాధారణంగా కాస్త తక్కువే చెబుతుంది. నాలుగు బీట్లు కలిపి కుట్టే మోడ్‌లో ఊపిరి కదిలినా, రిథమ్ తప్పినా బొమ్మలో అతుకు కనిపిస్తుంది. ఆ క్లిప్ వాడకండి.

సీటీ: కేవలం పోల్చడం కోసం ఎవరికీ సీటీ తీయకండి, రేడియేషన్, అయోడిన్ కాంట్రాస్ట్ రెండూ ఊరికే రావు. కరోనరీ సీటీ ఎలాగూ తీస్తున్నవాళ్లనే తీసుకోండి. బీట్ మొత్తాన్ని కవర్ చేసే రెట్రోస్పెక్టివ్ గేటింగ్ ఉంటేనే ఈఎస్‌వీ వస్తుంది. బీటా బ్లాకర్, నాలుక కింద నైట్రేట్ ఇచ్చి తీస్తారు కాబట్టి ఆ గుండె పొద్దున ఎకోలో చూసిన గుండె కాదని గుర్తుపెట్టుకోండి.

గేటెడ్ స్పెక్ట్ (రేడియోధార్మిక మందు ఇచ్చి తీసే గుండె స్కాన్): చిన్న గుండెల్లో ఈఎస్‌వీ మరీ తక్కువ, ఈఎఫ్ మరీ ఎక్కువ వస్తుంది. సన్నగా, పొట్టిగా ఉన్న ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న మన ఓపీల్లో ఇది తరచూ కనిపిస్తుంది. 8 ఫ్రేములతో తీశారో, 16తోనో తప్పక రాయండి.

టైకోల్జ్ ఫార్ములా: ఒక్క అడ్డుకొలతతో మొత్తం వాల్యూమ్ ఊహించడమే. 5.0 సెం.మీ.కి 118 మి.లీ. వస్తే 5.2 సెం.మీ.కి సుమారు 130. 2 మి.మీ. పొరపాటుకు 12 మి.లీ. హార్ట్ ఎటాక్ తర్వాత ఆకారం మారిన గుండెలో అసలు పనికిరాదు. పాత రికార్డుల్లో అదొక్కటే ఉంటే తప్ప దాని జోలికి వెళ్లకండి.

ఎడమ కర్ణిక: కొలవాల్సింది సిస్టోల్ చివర, మైట్రల్ వాల్వ్ తెరుచుకోబోయే ముందు. అపెండేజ్ (కర్ణికకు అతుక్కుని ఉండే చిన్న సంచి), పల్మనరీ సిరలు గీతకు బయట ఉండాలి. ఇక్కడ ఎల్‌వీకి తీసిన క్లిప్ పనికిరాదు, ఎల్‌వీ పొడవు అక్షం, కర్ణిక పొడవు అక్షం ఒకే గీతలో ఉండవు. కర్ణిక కోసం విడిగా క్లిప్ తీయండి.